చందమామ నుంచి అమ్మ వైపు తిరిగే చూపు

చిరంజీవి అమ్మడికి,

శిశు వికాసం చదువుతున్నానని, ఆటిజం లక్షణాలను పసితనంలోనే ఎలా పట్టుకుంటారో నేర్చుకోవాలనుందని రాశావు. చాలా సంతోషం. అయితే ఆ చదువును ఆటిజం పుస్తకంతో మొదలుపెట్టకు. సెలవులకు కలిదిండి వెళ్ళినప్పుడు అంగన్‌వాడీలో ఓ మూల కూర్చుని, ఏ ఇబ్బందీ లేని పిల్లల్ని కొన్నాళ్ళు తీరిగ్గా చూడు. పిల్లవాడు చేసే వింత పనులు వీధిలో అందరికీ కనబడతాయి. ఆ వయసుకు చెయ్యాల్సి ఉండీ చెయ్యని పనులు మాత్రం ఎవరి కంటా పడవు. మామూలు ఎదుగుదల నీ కంటికి బాగా అలవాటైతేనే ఆ లోటు తెలుస్తుంది.

గోరుముద్దలు పెడుతూ చందమామను చూపించే తల్లినే తీసుకో. ఆరునెలల బిడ్డ చాలాసార్లు అమ్మ వేలినే చూస్తూ ఉండిపోతుంది. మరికొన్ని నెలలకు వేలు చూపిన దిక్కుకు తల తిప్పుతుంది. ఏడాది దాటేసరికి చందమామను చూసి, గిరుక్కున తిరిగి అమ్మ ముఖంలోకి చూస్తుంది, నువ్వూ చూశావా అన్నట్టు. ఆ చివరి చూపు రెప్పపాటు కాలమే ఉంటుంది. కానీ ఇద్దరు మనుషులు ఒకే వస్తువును కలిసి చూడటమనే పెద్ద విద్య అందులో ఉంది. బిడ్డలు పెద్దల చూపు వెంట తమ చూపును ఎలా నడిపిస్తారో మైఖేల్ స్కైఫ్, జెరోమ్ బ్రూనర్ 1975లో 'నేచర్' పత్రికలో రాశారు. ఆటిజాన్ని త్వరగా గుర్తించే ప్రశ్నావళులు చాలా వరకు ఈ సంగతిని అడుగుతాయి.

వేలు చూపించడంలోనూ రెండు రకాలున్నాయి. అటక మీది బిస్కెట్ల డబ్బా వైపు వేలు చూపితే పిల్లవాడు అడుగుతున్నాడని. ఆటపాక వైపు నుంచి ఎగిరొచ్చే గూడబాతును చూపించి అమ్మ వైపు తిరిగితే, తన సంబరాన్ని పంచుతున్నాడని. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు మొదటిది చేస్తారు, రెండోది చెయ్యరు. మరికొందరు అమ్మ మణికట్టు పట్టుకుని ఆ చేతిని డబ్బా దాకా లాక్కెళతారు. ముఖం వైపు మాత్రం చూడరు. అందుకే 'మీవాడు వేలు పెట్టి చూపిస్తాడా?' అని అడిగితే ఏ తల్లయినా చూపిస్తాడనే చెబుతుంది, అది నిజం కూడా. 'తనకేమీ అక్కర్లేకపోయినా, నువ్వు చూడాలని ఏదైనా చూపిస్తాడా?' అని అడుగు. ఆమె ఒక్క క్షణం ఆగి ఆలోచించిందంటే సరైన ప్రశ్న అడిగావన్నమాట.

లండన్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం 1992లో పద్దెనిమిది నెలల పిల్లల కోసం చేసిన చాట్ ప్రశ్నావళిలో కీలకమైనవి ఇలాంటివే: చూపించడానికి వేలు ఎత్తడం, ఎదుటివారి చూపును అనుసరించడం, ఉత్తుత్తి ఆట. దాన్ని అమెరికాలో డయానా రాబిన్స్, డెబొరా ఫైన్, మేరియన్ బార్టన్ పెంచి 2001లో ఎం-చాట్‌గా తెచ్చారు. ఇప్పుడు వాడే రూపం 16 నుంచి 30 నెలల పిల్లల కోసం, అందులో 20 ప్రశ్నలున్నాయి. ప్రశ్నలను మక్కికి మక్కి చదివి వినిపిస్తే మాత్రం మన దగ్గర పని జరగదు. చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబంలో ఉత్తుత్తి ఆటకు బొమ్మ ఫోను ఉండకపోవచ్చు. ఆ పిల్ల ఖాళీ కొబ్బరి చిప్పలో మట్టి వేసి బువ్వంటూ ఎవరికైనా తినిపిస్తుందా అని అడగాలి. నలుగురు పిల్లల మధ్య తిరగని బిడ్డ కొత్తవాళ్ళను చూసి ముడుచుకుపోతే దాన్ని వెంటనే ఆటిజం ఖాతాలో రాయకూడదు. అమ్మతో ఎలా ఉందో చూసి అప్పుడు రాసుకో.

పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం మరో గుర్తు. ఇక్కడ ముందు చెవుల పరీక్ష జరగాలి. స్టీలు పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడ్డాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. పెద్ద చప్పుడు వినబడి మాటలు స్పష్టంగా వినబడని పిల్లలుంటారు. బెరా అనే వినికిడి పరీక్ష చేయించకుండా ఎవరూ ఏ మాటా అనకూడదు. పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగవద్దు. 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అంటారు, నాలుక మీద వస రుద్దుతారు, తాయెత్తు కడతారు. ఈలోగా రెండేళ్ళు గడిచిపోతాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ పోయిన కాలమే. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. నెమ్మదస్తురాలని మెచ్చుకుని వదిలేస్తారు.

1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జూలీ ఆస్టర్‌లింగ్, జెరాల్డిన్ డాసన్ చేసిన పని తప్పక చదువు. వాళ్ళు ఆటిజం నిర్ధారణ అయిన 11 మంది పిల్లల తొలి పుట్టినరోజు వీడియోలను, మరో 11 మంది మామూలు పిల్లల వీడియోలను సేకరించారు. కేకు, కొవ్వొత్తి, చుట్టూ బంధువులు. ముఖాలను చూడటం, వస్తువు తెచ్చి చూపించడం, వేలు ఎత్తడం, పేరుకు పలకడం అనే నాలుగింటితోనే 22 మందిలో 20 మందిని సరిగ్గా విడదీయగలిగారు. అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ముఖాలను చూడటమే. తర్వాత వారెన్ జోన్స్, ఆమీ క్లిన్ ఇంకా వెనక్కి వెళ్ళారు. 2013లో వాళ్ళు చూపించిన ప్రకారం, తర్వాత ఆటిజం తేలిన బిడ్డలు రెండో నెలలో అందరిలాగే కళ్ళలోకి చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. అది యంత్రాలు పసిగట్టే తేడా, నీ కంటికీ నా కంటికీ అందదు. కాబట్టి మూణ్ణెల్ల బిడ్డను చూసి ఎవరినీ భయపెట్టకు.

ఇక తల్లిని నిందించే పాడు అలవాటు. ఇది మన ఊళ్ళలోనే పుట్టలేదు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యశాస్త్రంలో చోటిచ్చాడు. ఆయన చూసిన మొదటి పిల్లవాడు, మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ పట్టణానికి చెందిన డోనాల్డ్ ట్రిప్లెట్ గురించి తండ్రి 33 పేజీల ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలోని వివరాలు కానర్‌కు ఎంతో ఉపయోగపడ్డాయి. అయినా ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని పండితులు ఊదరగొట్టారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో పుస్తకం రాసి ఆ వాదాన్ని దెబ్బతీశాడు. టీకా వల్ల వస్తుందన్న 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఇంతకీ ఆ డోనాల్డ్ సొంత ఊళ్ళోనే బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఊరు అతన్ని తనవాడిగా చూసుకుంది.

మన దగ్గర ఆటిజాన్ని కొలిచే కొలమానం సికింద్రాబాద్‌లో పుట్టింది. అక్కడి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు పేరు మారింది) 40 అంశాలతో ఇసా అనే భారతీయ కొలబద్దను తయారుచేసింది. మార్కులు 70 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆటిజంగా లెక్కిస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం కూడా ఉంది. ఇసా వెయ్యడం నిపుణుల పని. ఎం-చాట్ లాంటివి జల్లెడ మాత్రమే. అందులో మిగిలిన పిల్లలందరికీ ఆటిజం ఉన్నట్టు కాదు.

త్వరగా గుర్తించి ఏం లాభమని నిన్ను అడుగుతారు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లల కుటుంబాలతో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పు. నిపుణులు కాని కార్యకర్తలు శిక్షణ పొంది ఇళ్ళకు వెళ్ళారు. తల్లీబిడ్డా ఆడుకోవడం వీడియో తీసి, ఆ తల్లికే చూపించి, బిడ్డ ఎక్కడ స్పందించాడో ఆమె చేతే పట్టించారు. తల్లులు బిడ్డ ధోరణిని అందుకుని మాట్లాడటం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. మన కొల్లేటి లంకల్లోనూ ఇలాంటి పని అసాధ్యమేమీ కాదు.

కలిదిండిలో ఏ బిడ్డ మీదైనా నీకు అనుమానం వస్తే ఆటిజం అన్న మాట నోటెంట రానివ్వకు. ఏ తేదీన, ఎన్ని నెలల వయసులో, ఏం చేశాడో, ఏం చెయ్యలేదో నోటు పుస్తకంలో రాయి. అంగన్‌వాడీ టీచరమ్మకు చూపించు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఆగలేకపోతే ఏలూరు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళమని తల్లికి చెప్పు. వీలైతే తోడు వెళ్ళు. నోటు పుస్తకం మర్చిపోకు, డాక్టరు గారు మొదట అడిగేవి ఆ వివరాలే.

ఇట్లు,
పెద్దమ్మ