కరకరలాడు క్యాబేజీ

తెలుగువారి వంటయింటిలో క్యాబేజీకి గొప్ప గౌరవము లేదు. వంకాయకున్నంత కీర్తిగాని, గోంగూరకున్నంత అభిమానముగాని దానికి దక్కలేదు. పెసరపప్పు చేర్చి కూర వండుదురు. లేదా శనగపప్పు నానబోసి, పోపు వేసి దించుదురు. పొయ్యిమీద అది ఎక్కువసేపు ఉడికినచో ఇల్లంతయు ఒక విధమైన వాసన క్రమ్ముకొనును. ఆ వాసనకు వెరచియే పెక్కుమంది పిల్లలు ఆనాటి కూరను కంచము అంచునకు నెట్టివేయుదురు. ఆ క్యాబేజీనే ఉడికింపక, పచ్చిగా, కరకరలాడునట్లు తినవచ్చునని చెప్పినచో వారు నమ్మకపోవచ్చును.

ఆసియాఖండపు తూర్పుదేశములలో ఇది క్రొత్త సంగతి కాదు. జపానులో క్యాబేజీని దారములవలె సన్నగా తరిగి, వేయించిన మాంసపు ముక్కల ప్రక్కన తెల్లని కుప్పగా వడ్డింతురు. వియత్నాములో నిమ్మరసము, సువాసనగల ఆకులు, వేయించిన వేరుసెనగపప్పు కలుపుదురు. కొరియావారు ఊరబెట్టిన కిమ్చీకి పేరుపొందినవారే అయినను, ఊరువరకు ఆగక అప్పటికప్పుడు కలిపి తినునట్టి పచ్చి కిమ్చీయు వారికి కలదు. దానికి వారు వాడునది పొడవైన ఆకులుగల చైనా క్యాబేజీ. అది మన గుండ్రని క్యాబేజీకి దగ్గర చుట్టమే.

ఇక అమెరికాలో ‘ఆసియా సలాడు’ అను పేరుతో ఇండ్లలో చేసికొనునది మరియొకటి. సన్నగా తరిగిన క్యాబేజీపై నువ్వులనూనె, వినెగరు పోసి, పొట్లములలో అమ్ము నూడుల్సును ఉడికింపకయే నలిపి చల్లుదురు. ఆ పొట్లపు నూడుల్సును 1958లో జపానులో మొమొఫుకు ఆండో విపణికి తెచ్చెను. ఆయన వానిని వేడినీటిలో నానబెట్టి తినుటకు ఉద్దేశించెనుగాని, ఇట్లు పచ్చికూరపై చల్లుటకు కాదు. చైనాలో పూర్వమునుండియు ఆకుకూరలను నిప్పుమీద చూపి తినుటయే అలవాటు. కనుక ఆ వంటకము పేరు తూర్పుదైనను పుట్టుక పడమటిది. రుచిగల వంటకమునకు ఇంటిపేరు ఏదైన నేమి!

క్యాబేజీ ఆవ కుటుంబమునకు చెందిన మొక్క. ఈ బంధుత్వమును తెలిసికొన్నచో దాని గుణములు చాలవరకు బోధపడును. గింజగా ఉన్న ఆవాలను అరచేతిలో పోసికొని వాసన చూచినను ముక్కునకు ఘాటు తగులదు. వానిని నూరి, నీరు కలిపిన వెంటనే కన్నులవెంట నీరు కారును. ఏలయన ఆవగింజలో గంధకముగల ఒక పదార్థమును, దానిని విడగొట్టు ఎంజైమును వేరువేరుగా దాగియుండును. గింజ నలిగి తడి తగిలినప్పుడు ఆ రెండును కలిసి ఘాటు పుట్టును. క్యాబేజీలో జరుగునదియు ఇదే. కాని మోతాదు తక్కువ. కత్తి తగిలినచోట కణములు చితికి కొలదిపాటి ఘాటు కలుగును. దానిని ఎక్కువసేపు ఉడికించినచో గంధక పదార్థములు వేరొక విధముగా విరిగి, పిల్లలు ముక్కు మూసికొను ఆ వాసన బయలుదేరును. పచ్చి క్యాబేజీకి ఆ దోషము లేదు.

పచ్చి క్యాబేజీలో మరియొక లాభము కలదు. వంద గ్రాములలో సుమారు 35 మిల్లీగ్రాముల ‘సి’ విటమిను ఉండును. ఇది వేడికి కొంత నశించును. ఉడికించిన నీటిలోనికి కొంత జారిపోవును. ఈ విటమిను లోపించినచో స్కర్వీ అను వ్యాధి వచ్చును. చిగుళ్లు వాచి నెత్తురు కారును; పండ్లు కదలును; మానిన గాయములు తిరిగి విచ్చుకొనును. నెలలతరబడి ఎండురొట్టె, ఉప్పుమాంసము తినుచు సముద్రముపై తిరిగిన పూర్వపు నావికులు వేలకొలది ఈ వ్యాధికి బలియైరి. 1747లో జేమ్సు లిండ్ అను ఓడవైద్యుడు పన్నెండుగురు రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరును త్వరగా కోలుకొనిరి.

1768లో కెప్టెన్ జేమ్సు కుక్ ‘ఎండెవర్’ అను ఓడలో పసిఫిక్ యాత్రకు బయలుదేరినప్పుడు ఉప్పువేసి పులియబెట్టిన క్యాబేజీని పీపాలతో నింపుకొని పోయెను. నావికులకు ఆ పులుపు నచ్చలేదు. కుక్ వారిని బలవంతపెట్టలేదు. ప్రతిదినము అధికారుల బల్లపై దానిని వడ్డింపజేసి, తక్కినవారు ఇష్టమున్నచో తినవచ్చునని, లేకున్న మానవచ్చునని ప్రకటించెను. పెద్దలు దానిని మెచ్చుచున్నారని చూచినంతనే నావికుల మనసు మారెను. వారము తిరుగకముందే అందరును దానికై ఎగబడగా, ఒక్కొక్కనికి ఇంత అని కొలిచి పెట్టవలసివచ్చెను. కుక్ దిగిన ప్రతి రేవునందును తాజా ఆకుకూరలు కోయించెను. పీపాలలోని క్యాబేజీకంటె ఇవియే ఎక్కువ మేలు చేసినవని నేటివారి అభిప్రాయము. ఏమైననేమి, ఆ ఓడలో స్కర్వీ ప్రబలలేదు. తరువాత చాల కాలమునకు, 1928లో, హంగరీదేశపు శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ పశువుల గ్రంథులనుండియు, నారింజలనుండియు, క్యాబేజీనుండియు ఒక ఆమ్లమును వేరుచేసెను. అదియే ‘సి’ విటమిను అని పిమ్మట తేలినది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

‘ఎండెవర్’ కథ ఇంతటితో ముగియలేదు. 1770లో ఆ ఓడ మరమ్మతులకై జావాద్వీపమందలి బటేవియా రేవు చేరెను. నేటి జకార్తా అదే. స్కర్వీని గెలిచిన నావికులు అక్కడ మలేరియా జ్వరమునకును, రక్తవిరేచనములకును చిక్కి, ఆ రేవులోను, తిరుగుప్రయాణములోను పెక్కుమంది మరణించిరి. మంచి ఆహారము కాపాడిన ప్రాణములను దోమలును, చెడునీరును హరించినవి.

పచ్చికూర తినదలచినవారు అందుచేతనే నీటిసంగతి ముందుగా విచారింపవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జపానులో విడిసిన అమెరికా సైన్యమువారు అక్కడి పొలములలోని కూరలను పచ్చిగా తినుటకు జంకిరి. ఆ పొలములకు మానవమలమే ఎరువు. కడకు 1946లో టోక్యో సమీపమున చోఫు అనుచోట మట్టి లేకుండ కూరలు పెంచు తోటను నెలకొల్పుకొనిరి.

మన దేశములోను క్యాబేజీని గూర్చి ఒక భయము వ్యాపించియున్నది. అందలి పురుగు మెదడులోనికి ప్రాకి మూర్ఛ తెప్పించునని చెప్పుకొందురు. ఈ మాటలో సత్యమును అసత్యమును కలిసియున్నవి. ఆకులమధ్య కనబడు ఆకుపచ్చని గొంగళిపురుగు రెక్కలపురుగు పిల్ల మాత్రమే. అది అసహ్యము కలిగించునుగాని మెదడు జోలికి పోదు. నిజమైన ప్రమాదము కంటికి కనబడనిది. పందిమాంసమునుండి సంక్రమించు బద్దెపురుగు కొందరి ప్రేగులలో నివసించును. వారి మలముతో దాని గ్రుడ్లు వెలువడును. మురుగునీటితో పండించిన, లేక మురుగునీటిలో కడిగిన ఏ ఆకుకూరనైనను ఆ గ్రుడ్లు అంటియుండవచ్చును. అవి కడుపులోనికి పోయినచో వానినుండి వెలువడు పిల్లలు నెత్తురుద్వారా మెదడును చేరి మూర్ఛరోగమునకు కారణమగును. దోషము క్యాబేజీది కాదు, నీటిది. ఉప్పునీరుగాని, వినెగరుగాని ఆ గ్రుడ్లను చంపునని నమ్మరాదు. కూర మురుగుకాలువ ప్రక్కన పండినదని తెలిసినను, అనుమానము కలిగినను దానిని చక్కగా ఉడికించి తినవలెనేగాని, సలాడుకు వాడరాదు.

మంచిచోట పండిన, గట్టిగా, బరువుగా ఉన్న అరకిలో క్యాబేజీని ఏరికొనవలెను. పైనున్న మూడు నాలుగు ఆకులు తీసి పారవేసి, నాలుగు చెక్కలుగా కోసి, లోపలి గట్టి కాడను తొలగింపవలెను. ఆకులను విడదీసి, పారుచున్న మంచినీటిలో ఒక్కొక్కదానిని చేతితో రుద్ది కడుగవలెను. పిదప వానిని దొంతరగా పేర్చి పదునైన కత్తితో సాధ్యమైనంత సన్నగా తరుగవలెను. మొద్దుకత్తి కోయదు, నలుపును. నలిగిన కణములనుండి నీరు కారి కూర వాడుటయేగాక ఘాటు హెచ్చును.

తరిగినదానిని అప్పుడే తినువారు పది నిమిషములు చల్లని మంచినీటిలో వేసి తీయవలెను. కణములలోనికి నీరు చొచ్చి అవి బిగిసి, కొరికినప్పుడు కరకరలాడును. కొంతసేపు నిలువయుండవలెనన్నచో దీనికి విరుద్ధమైన పని చేయవలెను. ఒక చిన్న చెంచా ఉప్పు చల్లి చేతితో కలిపి ఇరువది నిమిషములు ఉంచినచో కణములలోని నీరు వెలుపలికి వచ్చును. ఏ వైపున ఉప్పు ఎక్కువగానున్నచో నీరు ఆ వైపునకు పోవుట ప్రకృతినియమము. ఆవకాయజాడీలో మామిడిముక్క ఊట దిగుటయు దీనివలననే. ఆ నీటిని మెల్లగా పిండివేసినచో తరువాత పోయు పులుసు పలుచబడదు. విటమిను కొంత ఆ నీటితో పోవుట తప్పదు. సలాడు అను మాటయే ఉప్పు అను అర్థముగల లాటిన్ మాటనుండి పుట్టినది.

పులుసునకు రెండు పెద్ద చెంచాల వినెగరు, లేదా ఒక నిమ్మకాయ రసము, ఒక చెంచా చక్కెర, అంగుళము అల్లముముక్క కోరు, ఒక చెంచా సోయాసాసు కావలెను. సోయాసాసు ఉప్పన కనుక ముందుగా కూర రుచి చూచి పోయవలెను. నువ్వులనూనె విషయములో ఒక చిక్కు కలదు. తూర్పుదేశములవారు నువ్వులను బాగుగా వేయించి తీసిన నూనె వాడుదురు. అది ముదురురంగుతో ఘుమఘుమలాడును. మనము మంచినూనె అనునది పచ్చినువ్వులను గానుగాడి తీసినది. దానికి ఆ వాసన రాదు. అట్టిచో రెండు చెంచాల నువ్వులను దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, ఒక చెంచా మంచినూనెలో కలిపినచో లోపము చాలవరకు తీరును.

క్యారెట్టు తురుము, ఉల్లికాడలు, కొత్తిమీర చేర్చి పులుసు పోసి కలిపిన తరువాత వేయించిన వేరుసెనగపప్పు మిగులును. తొందరపడి దానిని ముందే కలుపువారు కలరు. క్యాబేజీ కరకర నీటివలన కలిగినది. వేరుసెనగ కరకర నీరు లేకపోవుటవలన కలిగినది. రెండును ఒక గిన్నెలో ఎక్కువసేపు ఉన్నచో పప్పు క్యాబేజీ నీటిని త్రాగి మెత్తబడును. కనుక పప్పును వేరుగా ఉంచుకొని, అందరును కంచములముందు కూర్చున్న పిమ్మట ఎవరి వంతుపై వారికి గుప్పెడు చల్లవలెను.