మోటారు సైకిల్ ముసాఫిర్: దారిలో నమాజు, దారికి దూరంగా గుడారం

మిరప కల్లాల పని ముగిసి, చేతిలో నాలుగు డబ్బులు, ముందు కొన్నాళ్ళ తీరిక ఉండే రోజులవి. పర్చూరులో ఇషా నమాజు తరువాత ముగ్గురు యువకులు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. మోటారు సైకిళ్ళపై లద్దాఖ్ దాకా వెళ్ళివస్తామని, లాడ్జీలు తీసుకోకుండా దారి పొడవునా గుడారాలు వేసుకుని పడుకుంటామని చెప్పారు. "హజ్రత్! ఇరవై రోజుల పైనే పడుతుంది. నమాజుల సంగతి ఎలా?" అని అడిగారు.

మరునాడు వారిలో ఒకరి తల్లి మా ఇంటికి వచ్చారు. మా ఇంట్లోవారి ద్వారా ఒక మాట చెప్పి పంపారు: "వాడు హజ్రత్ మాట వింటాడు. వద్దని చెప్పమనండి. మాకు వాడొక్కడే."

సోదర సోదరీమణులారా! ఒకే ప్రయాణం గురించి రెండు ప్రశ్నలు మా ముందుకు వచ్చాయి. మొదటి ప్రశ్నకు జవాబు ఫిఖహ్ గ్రంథాలలో ఉంది. రెండవ దానికి జవాబు హక్కులను గుర్తించే హృదయంలో ఉంది. ఈ రెండింటినీ విడదీసి చెబితే ధర్మాన్ని సగమే చెప్పినట్లవుతుంది. అందుకే ఆ యువకులకు చెప్పిన విషయాలనే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము.

'సఫర్' అంటే బయలుపరచేది

'సఫర్' అనే అరబీ పదానికి మూలంలో 'ముసుగు తీయడం, బయలుపరచడం' అనే అర్థం ఉంది. ప్రయాణం మనిషి అసలు గుణాన్ని బయటపెడుతుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని ఉలమా అంటారు. ఊళ్ళో అజాన్ వినిపిస్తుంది, పక్కవారు లేస్తారు, తల్లి లేపుతుంది. దారిలో ఇవేవీ ఉండవు. అక్కడ చేసే నమాజే మన నమాజు.

ప్రయాణం తప్పు కాదు. భూమిలో సంచరించి గత జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశించింది. మనకు దగ్గరలోని కొండవీడు కోటనే చూడండి. రెడ్డి రాజులు, గజపతులు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు, తరువాత కుతుబ్‌షాహీలు - అందరూ ఏలారు, అందరూ వెళ్ళిపోయారు. రాళ్ళు మిగిలాయి. చూసే కన్ను ఉంటే అది ఒక పాఠం.

మన తెలుగువారిలో ఇలాంటి సుదూర యాత్రికులు లేకపోలేదు. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006లో కరిజ్మా మోటారు సైకిల్‌పై ఒంటరిగా బయలుదేరి, సుమారు 47 వేల కిలోమీటర్లు తిరిగి, 2007లో ఇల్లు చేరారు. అంత దూరం నడిపించేది ఉత్సాహమొక్కటే కాదు, ఓర్పు, క్రమశిక్షణ కూడా. సరదా కోసం ఇంత క్రమశిక్షణ సాధ్యమైనప్పుడు, సృష్టికర్త కోసం అయిదు వేళలు ఆగడం ఎందుకు కష్టం కావాలి?

అయితే ప్రయాణం శిక్షలో ఒక భాగమని, అది మనిషి తిండిని, నీటిని, నిద్రను అడ్డుకుంటుందని, పని ముగియగానే ఇంటివారి దగ్గరకు త్వరపడాలని మహాప్రవక్త (స) చెప్పిన విషయాన్ని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). అంటే ప్రయాణాన్ని నిషేధించలేదు. దాని బరువు తెలుసుకుని బయలుదేరమన్నారు.

బయలుదేరే ముందు

1. అప్పులు, అమానతులు: ఎవరికి ఎంత ఇవ్వాలో రాసి ఇంట్లో పెట్టాలి. వేళకు తీర్చవలసిన బాకీ ఉండగా ఆ సొమ్మును పెట్రోలులో పోయడం ధర్మం కాదు.

2. ఒంటరితనం వద్దు: ఒంటరితనంలోని ప్రమాదం తనకు తెలిసినంతగా జనానికి తెలిస్తే ఏ రౌతూ రాత్రివేళ ఒంటరిగా వెళ్ళడని ప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ).

3. అమీరు: ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలి (అబూ దావూద్). ఎక్కడ ఆగాలి, ఎంత వేగంతో పోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది ఆయన మాట. పందెం వేసుకుని బండి నడిపేవారికి అమీరు ఉండడు, షైతాను ఉంటాడు.

4. హెల్మెట్: ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసు (తిర్మిజీ) మనందరికీ తెలుసు. నేటి రౌతుకు హెల్మెట్, మంచి బ్రేకులు, అరగని టైర్లు ఆ కట్టుతాడు వంటివే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా నడిపేవారికీ, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది.

ఎక్కడి నుంచి ముసాఫిర్ అవుతాం?

పూర్వకాలంలో మనిషి రోజుకు సుమారు 16 మైళ్ళు నడిచేవాడని లెక్కగట్టి, మూడు రోజుల నడకను 48 మైళ్ళుగా మన దేశపు హనఫీ ఉలమా నిర్ణయించారు. అంటే సుమారు 77 కిలోమీటర్లు. అంత దూరం వెళ్ళే ఉద్దేశంతో సొంత ఊరి ఇళ్ళు దాటినప్పటి నుంచి మనిషి ముసాఫిర్. అప్పుడు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండు రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. విత్ర్ కూడా చేయాలి. ముఖీమ్ ఇమామ్ వెనుక చేస్తే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి.

పర్చూరు నుంచి చీరాల దగ్గరి వాడరేవుకు వెళ్ళి సముద్రతీరాన గుడారంలో పడుకున్నా ముసాఫిర్ కారు. గుంటూరు, ఒంగోలు కూడా 77 కిలోమీటర్ల లోపలే. నమాజులు పూర్తిగా చేయాలి. గుడారం మనిషిని ముసాఫిర్‌గా మార్చదు, దూరం మారుస్తుంది. విజయవాడ, నెల్లూరు వెళ్ళేవారు ముసాఫిర్లు. ఒకే ఊరిలో 15 రోజులు లేక అంతకంటే ఎక్కువ ఉండాలని నిశ్చయించుకోనంత వరకు, రోజుకో చోట గుడారం వేసే యాత్రికుడు ఇరవై రోజులైనా, నలభై రోజులైనా ముసాఫిరే.

"మోటారు సైకిల్‌పై 77 కిలోమీటర్లు గంటన్నర ప్రయాణం. కష్టమే లేనప్పుడు సడలింపు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. శత్రుభయం తొలగిన తరువాత కూడా ఖస్ర్ ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి) ప్రవక్త (స)నే అడిగారు. అది అల్లాహ్ మీకు చేసిన దానమని, దాన్ని స్వీకరించమని జవాబు వచ్చింది (ముస్లిం). దాత ఇచ్చినదాన్ని తిరస్కరించడం భక్తి కాదు. అలాగే సగం తగ్గించి ఇచ్చినదాన్ని కూడా వదిలేయడం ఎంతటి కృతఘ్నత!

నఫిల్ నమాజును ప్రవక్త (స) వాహనంపైనే చేసేవారు. ఫర్జ్ వేళ మాత్రం దిగి, ఖిబ్లా వైపు నిలబడేవారు (బుఖారీ). కాబట్టి బండి ఆపాల్సిందే. హనఫీ సోదరులకు ఒక సులువు ఉంది. జుహ్ర్ నమాజును దాని చివరి వేళలో చేసి, కాసేపు కూర్చుని, అస్ర్ వేళ రాగానే అదీ చేస్తే ఒక్క మజిలీలో రెండూ నెరవేరుతాయి. రెండింటినీ ఒకే వేళలో కలిపి చేయడాన్ని ఇతర ఇమాములు ప్రయాణంలో అనుమతించారు. ఈ విషయంలో దారిలో వాదులాట వద్దు.

నీళ్ళు, బూట్లు, ఖిబ్లా

నీళ్ళు ఒక మైలు దూరంలోగా లేకపోయినా, ఉన్న సీసాడు నీళ్ళు తాగడానికే చాలకపోయినా తయమ్ముమ్ చేయవచ్చు. చలి ప్రదేశంలో చన్నీళ్ళ వల్ల జబ్బు చేస్తుందన్న నిజమైన భయం ఉండి, నీళ్ళు కాచుకునే వీలు లేకపోతే కూడా తయమ్ముమ్‌కు అనుమతి ఉంది. కానీ టీ కాచుకోవడానికి స్టవ్ వెంట ఉన్నవారికి ఈ సాకు చెల్లదు!

చీలమండలు కప్పే తోలు బూట్లు ధరించే యాత్రికులకు మరొక సౌలభ్యం ఉంది. వుజూతో బూట్లు వేసుకుంటే, తరువాత వుజూ భంగమైన సమయం నుంచి ముసాఫిర్ మూడు పగళ్ళు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చేయవచ్చు. ఊళ్ళో ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే (ముస్లిం). బూటు విప్పితే మసహ్ ముగుస్తుంది. అప్పుడు కాళ్ళు కడగాలి. ఆ బూట్లతోనే నమాజు చేసేవారు అడుగుభాగం శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి.

పర్చూరులో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అదే అలవాటుతో లేహ్‌లో నిలబడితే పొరపాటు. మక్కా కంటే లేహ్ బాగా ఉత్తరాన ఉంది కనుక అక్కడ ఖిబ్లా పడమరకు కాస్త దక్షిణంగా ఉంటుంది. ఫోనులోని దిక్సూచిని బండి పక్కన చూడకండి. ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. నాలుగడుగులు దూరం జరిగి చూడండి.

గుడారం ఎక్కడ వేయాలి?

పధ్నాలుగు శతాబ్దాల క్రితమే దీనికి జవాబు వచ్చింది. పచ్చిక ఉన్న నేలలో ఒంటెలకు వాటి వాటా మేత ఇవ్వమని, రాత్రి విడిది చేసినప్పుడు దారిని విడిచి దిగమని, అది జంతువులు తిరిగే చోటు, రాత్రివేళ పురుగూపుట్రా చేరే చోటు అని ప్రవక్త (స) బోధించారు (ముస్లిం). మన రహదారుల పక్కన ఈ మాట అక్షరాలా నిజం. చిలకలూరిపేట మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై రాత్రంతా లారీలు పరుగెడుతూనే ఉంటాయి. రోడ్డు మార్జిన్‌లో పడుకున్నవానికి, కునుకు తీసే లారీ డ్రైవరుకు మధ్య అడ్డేమీ లేదు.

అలాగని పత్తి చేలలోకి, మిరప తోటలోకి దిగడం సరికాదు. అది ఒకరి హక్కు. యజమాని ఏ మతంవారైనా సరే, అనుమతి అడగాలి. ఆరబోసిన మిరపకాయల పక్కన రాత్రి కనిపించే కొత్త మనిషిని రైతు దొంగ అనుకుంటే తప్పు రైతుది కాదు. నల్లరేగడి నేలలో ఒక్క జల్లు పడితే బండి చక్రం తిరగదు. చేలో డ్రమ్ములలోని నీళ్ళలో పురుగుమందు కలిసి ఉండవచ్చు, వుజూకు కూడా ముట్టుకోకండి. నేలపై పడుకున్నవారిని రాత్రిపూట కాటేసేది కట్లపాము. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. అడుగు కుట్టి ఉన్న గుడారంలో జిప్ మూసుకుని పడుకోవాలి. అనుమానం వస్తే మంత్రాల జోలికి పోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అన్నింటికంటే క్షేమం - దారిలోని మస్జిద్. ముతవల్లీని అడిగితే ముసాఫిర్‌కు చోటు దొరుకుతుంది.

సహచరులు విడిది చేసినప్పుడు తలోచోటికి చెదిరిపోతే ప్రవక్త (స) మందలించారు. ఆ తరువాత ఒక్క వస్త్రం అందరినీ కప్పేంత దగ్గరగా వారు ఉండేవారు (అబూ దావూద్). గుడారాలు దగ్గర దగ్గరగా వేయండి. దిగినచోట దుఆ చదవండి. దాన్ని చదివినవానికి ఆ చోటు విడిచేదాకా ఏదీ హాని చేయదని హజ్రత్ ఖౌలా (రజి) ఉల్లేఖనం (ముస్లిం). పడుకునే ముందు నిప్పు ఆర్పండి. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ కాలిపోయినప్పుడు ప్రవక్త (స) ఇదే ఆదేశించారు (బుఖారీ). ఎండిన పత్తికట్టె ఉన్నచోట ఒక్క రవ్వ చాలు. జనం నడిచే దారిలో, నీడలో మలమూత్రాలు విసర్జించడం శాపాన్ని తెచ్చే పని (ముస్లిం). మీరు లేచి వెళ్ళిన తరువాత అక్కడ మీ గుర్తుగా సజ్దా చేసిన నేల తప్ప చెత్త మిగలకూడదు.

ఫజ్ర్‌కు కావలి

ఖైబర్ నుంచి తిరిగి వస్తూ ప్రవక్త (స) రాత్రి చివరి భాగంలో విడిది చేశారు. ఫజ్ర్ కోసం మేలుకొని ఉండమని హజ్రత్ బిలాల్ (రజి)కి అప్పగించారు. బిలాల్ (రజి) తూర్పు వైపు చూస్తూ ఒంటెకు ఆనుకున్నారు. అలసటతో కన్ను మూతపడింది. ఎండ తగిలాకే అందరూ లేచారు. అక్కడి నుంచి కొంచెం ముందుకు కదిలి, వుజూ చేసి, జమాఅత్‌తో నమాజు చేశారు (ముస్లిం).

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, అలసిన శరీరం ఎవరినైనా ఓడిస్తుంది. అందుకే కావలి పెట్టాలి, అలారం పెట్టాలి, అర్ధరాత్రి దాకా కబుర్లు మానాలి. కునుకు వస్తుండగా బండి నడపడం ఆత్మహత్యా ప్రయత్నంతో సమానం. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలికి శరీరం అలవాటు పడేదాకా ఆగడం దాని హక్కు. రెండు, పొరపాటున వేళ దాటితే "ఇక పోయింది" అని వదిలేయరాదు. లేచిన వెంటనే, సూర్యుడు కాస్త పైకి వచ్చాక, ఖజా చేయాలి.

తల్లి మాట

ఇక రెండవ ప్రశ్న. ఆ యువకునికి మేము 'వద్దు' అని చెప్పలేదు. ఇబ్నె బతూతా సంగతి చెప్పాము. 1325లో 21 ఏళ్ళ వయసులో, తల్లిదండ్రులను విడిచి, తాంజా నగరం నుంచి హజ్‌కు బయలుదేరిన విద్వాంసుడాయన. ఢిల్లీలో ఖాజీ పదవి చేశారు. ప్రపంచం తిరిగారు. తండ్రి మరణించి పదిహేనేళ్ళయిందన్న వార్త 1348లో డమాస్కస్‌లో తెలిసింది. మరుసటి ఏడు స్వదేశం చేరేసరికి తల్లి కూడా ప్లేగు వ్యాధితో కన్నుమూశారు. లోకమంతా చూసివచ్చిన కన్నులు ఎదురుచూసిన తల్లిని మళ్ళీ చూడలేకపోయాయి.

ముసాఫిర్ దుఆ, తల్లిదండ్రుల దుఆ - రెండూ స్వీకరించబడే దుఆలని హదీసులో ఉంది (తిర్మిజీ). ఇంట్లో తల్లి ఏడుస్తుంటే దారిలో కొడుకు చేసే దుఆ ఏమవుతుందో ఆలోచించుకోమని మాత్రం చెప్పాము.

అతను ఆ రాత్రి అమ్మీ పక్కన కూర్చుని మాట్లాడాడట. లద్దాఖ్ ఆగింది. బదులుగా ముగ్గురూ బీజాపూరు వెళ్ళి అయిదు రోజుల్లో వచ్చారు. చీకటి పడ్డాక బండి నడపకూడదని, రోజూ మగ్రిబ్ తరువాత ఫోను చేయాలని ఆ తల్లి పెట్టిన షరతులు. తిరిగివచ్చాక ఆమె మా ఇంట్లోవారితో అన్న మాట ఇది: "ఇక్కడ ఫజ్ర్‌కు నేను లేపితేనే లేచేవాడు. అక్కడ మిగతా ఇద్దరినీ వాడే లేపాడట. వచ్చే ఏడాది ఇంకా దూరం అడిగితే చూద్దాం."

అల్లాహ్ మన యువకుల ప్రయాణాలను క్షేమకరం చేయుగాక! దారిలోనూ, ఇంటిలోనూ తన హక్కునూ, తన దాసుల హక్కులనూ నెరవేర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.