జ్వరం తగ్గినా మచ్చ ఎందుకు పోదు?



న్యుమోనియా వచ్చిన పెద్దాయనకు మందులు మొదలుపెట్టాక నాలుగు రోజులలో జ్వరం తగ్గిందనుకుందాం. ఆకలి కూడా వేస్తున్నది. వారం తర్వాత ఎక్స్‌రే తీస్తే మాత్రం ఊపిరితిత్తిలో తెల్లని మచ్చ ఇంకా కనిపిస్తుంది. “మందు పనిచేయలేదేమో” అని కొందరు కంగారుపడతారు. “జ్వరం పోయింది గదా” అని మరికొందరు మాత్రలు మానేస్తారు. రెండూ పొరపాట్లే. ఎందుకో తెలియాలంటే, తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తిలోకి ఎలా వస్తాయో, ఎలా తొలగిపోతాయో గ్రహించాలి.

1. కాపలా

మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా చిన్న గాలి తిత్తులు ఉన్నాయి. బడి పుస్తకాలలో వీటినే వాయుగోణులు అంటారు. వీటిలో మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు కాపలా ఉంటాయి. దుమ్మునూ, కొద్దిపాటి సూక్ష్మజీవులనూ అవే మింగివేస్తాయి. సూక్ష్మజీవులు ఎక్కువైతే రసాయన సంకేతాలు పంపి సహాయం పిలుస్తాయి.

2. రాక

ఆ పిలుపు విని ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్స్. ఇవి ఎముకల మూలుగలో తయారవుతాయి. పెద్దవారి తెల్లకణాలలో సాధారణంగా సగానికి పైగా ఇవే. తిత్తుల చుట్టూ ఉన్న రక్తనాళాలు చాలా చోట్ల ఈ కణాల కంటే సన్నగా ఉంటాయి. అయినా అవి సాగి, ఒదిగి, నాళపు గోడ దాటి తిత్తిలోకి ప్రవేశిస్తాయి. అక్కడ సూక్ష్మజీవులను మింగి చంపుతాయి. కణాలు ఇలా మింగుతాయని 1882లో నక్షత్రచేప పిల్లలలో కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్. ఆయనకు 1908లో నోబెల్ బహుమానం లభించింది.

కణాలతో పాటు నీరు కూడా తిత్తులలోకి ఊరుతుంది. గాలి ఉండవలసిన చోటు నిండిపోతుంది. ఆయాసం అందువల్లనే. ఎక్స్‌రేలో కనిపించే మచ్చ కూడా అదే. అంటే మచ్చ అంతా రోగక్రిములే కాదు. మన కణాలూ, ఊరిన నీరూ అందులో ఉన్నాయి.

3. తొలగింపు

న్యూట్రోఫిల్‌లో క్రిములను చంపే ఘాటైన పదార్థాలుంటాయి. అది పగిలి అవి బయటపడితే మన ఊపిరితిత్తికే హాని. కనుక పని తీరిన కణం పగలకుండా, ముడుచుకొని క్రమంగా చనిపోతుంది. మాక్రోఫేజ్ దానిని మింగి, “ఇక చాలు” అనే సంకేతాలు పంపుతుంది. కొత్త కణాల రాక తగ్గుతుంది. నీరు మెల్లగా ఇంకిపోతుంది. కొంత భాగం దగ్గుతో కళ్లెగా బయటకు వస్తుంది. ఈ శుభ్రతకు కొన్ని వారాలు పడుతుంది. వృద్ధులలో రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు. పొగ తాగేవారిలో మాక్రోఫేజ్‌ల శక్తి తగ్గుతుంది కనుక ఆలస్యమవుతుంది.

వచ్చిన కణాలు సకాలంలో తొలగకపోవడమూ ప్రమాదమే. ఆ వాపును తగ్గించడానికి స్టెరాయిడ్ మందు ఉన్నది గాని, అది అందరికీ కాదు. 2020లో కోవిడ్ రోగులపై బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో, డెక్సామెథసోన్ వల్ల వెంటిలేటరుపై ఉన్నవారిలో మరణాలు సుమారు మూడింట ఒక వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. కాబట్టి దుకాణంలో అడిగి స్వయంగా వాడరాదు.

4. మనం చేయవలసినవి

జ్వరం తగ్గడమంటే మన కణాలది పైచేయి అయిందని అర్థం. క్రిములన్నీ పోయాయని కాదు. డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు మానాలి. మూడు రోజులైనా జ్వరం తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా మళ్లీ డాక్టరుకు చూపించాలి. ఆయాసం పెరిగినా, పెదవులు నీలంగా మారినా, మనిషికి మతి తప్పినట్టున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వృద్ధులలో ఒక్కోసారి జ్వరం లేకుండానే న్యుమోనియా ముదురుతుంది.

ప్రశ్నలు

1. ఎక్స్‌రే మచ్చలో ఏమేమి ఉంటాయి?
2. న్యూట్రోఫిల్ పగలకుండా చనిపోవడం వల్ల మేలు ఏమిటి?
3. మన ఇంట్లో జబ్బుపడి లేచిన పెద్దవారు మందు పూర్తిగా వాడారా?