పై చదువునకు సీటు, సొమ్ము, బస

ఎం.ఏ., ఎం.ఎస్‌సి. మొదలైన పై చదువులను గూర్చి ఉన్నత పాఠశాల పత్రికయందు వ్రాయుట తొందరపాటని కొందఱకు తోచవచ్చును. పదవ తరగతి పరీక్షకే జంకుచున్న పిల్లలకు ఎం.ఏ. మాట యెందుకని తల్లిదండ్రులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యీ వ్యాసము. ఐదాఱు సంవత్సరముల తరువాత విశ్వవిద్యాలయమువారు అడుగు కాగితములలో మొదటిది పదవ తరగతి మార్కుల పత్రమే. కావున ఆ చదువునకు వలసిన సిద్ధపాటు ఈ పాఠశాలలో నున్నప్పుడే మొదలగుచున్నది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి పై చదువునకు పోవువారిలో పలువురు తమ యింట డిగ్రీ చదివిన మొదటివారు. వారికి దారి చెప్పగల అన్నగాని అక్కగాని యింట లేరు. పరీక్షలో మంచి ర్యాంకు వచ్చియు, ఆదాయ పత్రము సమయమునకు చేతికందక యొకడు, ఫీజు సొమ్ము కుదరక యొకడు, పట్టణమున నమ్మకమైన బస దొరకక యొక బాలిక చదువు మానుకొనుట మనము వినుచునే యున్నాము. వీరికి తెలివి తక్కువయై కాదు. సీటు దొరికిన తరువాత సొమ్ము, సొమ్ము దొరికిన తరువాత బస చూచుకొందమని మనవారు తలంతురు. అట్లు కాదు, ఆ మూడును ఒక్కసారిగా, ఏడాది ముందుగా ఆరంభింపవలసిన పనులు. ఈ యొక్క సంగతిని విద్యార్థుల మనస్సునకు, తల్లిదండ్రుల మనస్సునకు పట్టించుటయే నా యుద్దేశము.

పూర్వపు నిదర్శనములు

ఈ మూడింటి సంబంధము నేటిది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున స్థాపింపబడెను. ఆ సంవత్సరముననే హైదరాబాదునందు రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి హాస్టలు వెలసెను. విశ్వవిద్యాలయ మొక్కటి యున్న చాలదనియు, పల్లెలనుండి వచ్చు పిల్లలకు కూడును గూడును లేనియెడల ఆ విద్య వారికందదనియు ఆనాటి పెద్దలు గ్రహించిరి.

1938వ సంవత్సరమున ఉస్మానియా విద్యార్థులు తమ హాస్టళ్లలో వందేమాతర గీతము పాడగా అధికారులు దానిని నిషేధించిరి. మాననివారిని మొదట హాస్టళ్లనుండియు, పిమ్మట కళాశాలలనుండియు వెడలగొట్టిరి. గూడు పోయిన వెంటనే చదువును పోయెను. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురిని చేర్చుకొనెను. 1921లో లక్నేపల్లిలో జన్మించి, 1991లో భారత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారును ఆ యుద్యమకాలమున ఇచ్చటి చదువు పోగొట్టుకొని, నాగపూరు పోయి చదువు కొనసాగించినవారే. ఒక ద్వారము మూయబడినప్పుడు మఱియొక ద్వారమెక్కడ నున్నదో తెలిసియుండుట ఎంత మేలో దీనివలన గ్రహింపవచ్చును.

సీటు

భూపాలపల్లి జిల్లాకు పేరైన ఆచార్య కొత్తపల్లి జయశంకరుగారు 1934లో అక్కంపేట గ్రామమున జన్మించిరి. వారు అర్థశాస్త్రమున పై చదువుకై కాశి, అలీగఢు వఱకు పోవలసివచ్చెను. పిమ్మట ఉస్మానియాలో డాక్టరేటు పొంది, 1991 మొదలు 1994 వఱకు కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఆ కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో వరంగల్లున నెలకొన్న నాటినుండి మన పిల్లలకు పై చదువు చేరువైనది. వరంగల్లుననే 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమైన నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ గలదు. హైదరాబాదున ఉస్మానియాయు, 1974లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయమును గలవు. కోఠిలో 1924లో వెలసిన మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. ఆ వీరనారి నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ప్రాంతమువారని మన బాలికలు మఱవరాదు.

ఈ విద్యాలయములన్నిటికి దారి ఒక్కటి కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఎం.ఏ., ఎం.కాం., ఎం.ఎస్‌సి. తరగతులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష యొకటి గలదు. దానిని సి.పి.గెట్ అందురు. ఉస్మానియావారు 2019 మొదలుకొని దీనిని నిర్వహించుచున్నారు. ప్రశ్నలు 100, కాలము 90 నిమిషములు. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు. కేంద్ర విశ్వవిద్యాలయముల పరీక్షకు సి.యు.ఇ.టి. అని పేరు, అది పై చదువులకు 2022లో మొదలైనది. ఇందు సరియైన జవాబునకు 4 మార్కులు వచ్చును, తప్పు జవాబునకు 1 మార్కు పోవును. కావున మొదటి పరీక్షలో ఊహించి వ్రాసినను నష్టము లేదు. రెండవదానిలో నష్టము గలదు. ఎం.టెక్. చదువగోరువారికి గేట్, పేరుపొందిన సాంకేతిక సంస్థలలో ఎం.ఎస్‌సి. చదువగోరువారికి జామ్, ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. చదువులకు ఐసెట్ అను పరీక్షలు వేఱుగా నున్నవి.

ముఖ్యముగా గమనింపవలసినది కాలము. గేట్, జామ్ పరీక్షలు ఫిబ్రవరిలో జరుగును. వాని దరఖాస్తులు అంతకు ముందటి సంవత్సరముననే ముగియును. సి.యు.ఇ.టి. ఇటీవలి సంవత్సరములలో మార్చి నెలలో జరుగుచున్నది. సి.పి.గెట్ వేసవి గడచిన పిమ్మట వచ్చును. డిగ్రీ ఫలితములు వచ్చిన తరువాత ఆలోచింతమనువానికి అప్పటికే మూడు ద్వారములు మూసికొనిపోవును. కావున డిగ్రీ మూడవ సంవత్సరము ఆరంభమైన నాడే ఒక కాగితముపై పరీక్షల పేర్లును, దరఖాస్తుల గడువులును వ్రాసి గోడకు అంటించుకొనవలెను.

పరీక్ష ముగిసిన తరువాత కౌన్సెలింగు జరుగును. అందు విద్యార్థి తాను కోరు కళాశాలలను వరుసగా తెలుపవలెను. రెండు మూడు కళాశాలలు మాత్రమే వ్రాసి, అవి రానందున సీటు పోగొట్టుకొనువారు గలరు. ఇష్టమైనవి ముందు వ్రాసి, పోగలిగినవన్నియు తరువాత వ్రాయుట వివేకము. సీటు వచ్చినదని తెలిసిన పిమ్మట చెప్పిన తేదీలోపల ఫీజు కట్టి, కళాశాలలో కనబడనియెడల అది మఱియొకరి పాలగును.

కాగితములు

పదవ తరగతి పత్రమునందు పేరు ఏ అక్షరములతో నున్నదో, పుట్టిన తేదీ ఏది యున్నదో, అదియే జీవితమంతయు నడచును. ఆధారు పత్రమున ఒక విధముగను, బ్యాంకు పుస్తకమున మఱియొక విధముగను పేరున్నచో విద్యార్థి వేతనము ఖాతాలో పడక నిలిచిపోవును. ఆ తప్పు పదవ తరగతిలో దిద్దుకొనుట సులభము, ఎం.ఏ. చేరునాడు దిద్దుకొనుట దుస్తరము.

కుల పత్రము, ఆదాయ పత్రము మీసేవ కేంద్రమున దరఖాస్తు చేసి, తహసీలుదారు కార్యాలయమునుండి పొందవలెను. సీట్ల కాలమున అందఱును ఒక్కసారి వచ్చి పడుదురు గనుక పని ఆలస్యమగును. పూర్వపు ఆదాయ పత్రము గడువు మీఱినచో చెల్లదు. కావున ప్రవేశములకు నెల రెండు నెలల ముందే క్రొత్తది తీసికొనవలెను. స్థానికుడని నిరూపించుటకు ఏయే సంవత్సరములు ఎక్కడెక్కడ చదివితిమో తెలుపు పత్రములు వలయును. వానిని మన పాఠశాలనుండి బయటికి పోవునాడే తీసికొని భద్రపఱచుకొనుడు.

ఫీజు బాకీ యున్నదని కళాశాలలు అసలు పత్రములను పట్టియుంచుటచే పై సీటు పోగొట్టుకొనువారు గలరు. అసలు పత్రములను కళాశాలలు తమయొద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2018లో ఉత్తరువు చేసియున్నది. ఈ సంగతి ఎఱిగి, మర్యాదగా వ్రాతమూలమున అడుగవలెను.

సొమ్ము

పై చదువునకు రాజ్యము సొమ్మిచ్చుట మనదేశమున క్రొత్త గాదు. 1895లో సరోజినీదేవిగారు నిజాము ప్రభుత్వపు విద్యార్థి వేతనముపైననే ఇంగ్లాండునకు పోయి చదివిరి. నేడు తెలంగాణమునందు బీద విద్యార్థుల బోధనా ఫీజును ప్రభుత్వము చెల్లించు పద్ధతియు, భోజనాది ఖర్చులకు వేతనమిచ్చు పద్ధతియు గలవు. దరఖాస్తు ఈపాస్ అను ప్రభుత్వ వెబ్‌సైటున చేయవలెను. కుటుంబపు వార్షికాదాయమునకు పరిమితి గలదు. వెనుకబడిన తరగతులవారికి అది పల్లెలలో 1,50,000 రూపాయలు, పట్టణములలో 2,00,000 రూపాయలు. తరగతులకు నూటికి 75 వంతులైనను హాజరు కావలెను. ఒకే స్థాయి చదువును రెండవసారి చదువువానికి ఈ సహాయము దొరకదు గనుక, తొందరపడి యొక ఎం.ఏ.లో చేరి మానుట మంచిది కాదు.

ఈ సొమ్ము వచ్చుటలో జాగు కలుగుట యందఱెఱిగినదే. 2025లో ప్రైవేటు కళాశాలలవారు బకాయిల కొఱకు ఆందోళన చేసిరి. కావున మొదటి ఆఱు నెలల ఖర్చు ఇంటివారు వేఱుగా కూడబెట్టుట అవసరము. ప్రత్తి అమ్మిన నాడో, చీటి పాడిన నాడో ఆ పాలు తీసియుంచిన యెడల వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసిన పని యుండదు.

తెలివికి దొరకు సొమ్మును గలదు. గేట్ పరీక్షలో నెగ్గి ఎం.టెక్. చేరినవారికి నెలకు 12,400 రూపాయలు లభించును. పరిశోధన చేయగోరి, సంవత్సరమునకు రెండుమార్లు జరుగు యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. పొందినవారికి, 2023 జనవరి మొదలుకొని మొదటి రెండేండ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయల చొప్పున నిర్ణయమైనది. ఇది యొక చిన్న యుద్యోగపు జీతమునకు తక్కువ కాదు. పరిశోధన డబ్బుగలవారికే అను మాట ఇందుచే తప్పగుచున్నది.

అప్పు చేయవలసివచ్చినచో బ్యాంకు అప్పు మేలు. 2024 నవంబరులో ఆమోదింపబడిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, కేంద్రము గుర్తించిన మేలైన విద్యాసంస్థలలో సీటు పొందినవారికి తాకట్టు, జామీను లేకయే అప్పు దొరకును. ఇంటి ఆదాయము 8 లక్షలకు లోబడినవారికి, 10 లక్షల వఱకు గల అప్పుపై వడ్డీలో నూటికి 3 వంతులు ప్రభుత్వమే భరించును. విదేశములకు పోవువారికి అంబేద్కరు, జ్యోతిబా ఫూలే పేర్లతో నున్న విద్యానిధులు 20 లక్షల వఱకు సాయపడుచున్నవి. కాని దళారుల మాట నమ్మరాదు. అమెరికాలో ఫార్మింగ్‌టన్ పేరిట నున్న విశ్వవిద్యాలయము వట్టి బూటకమనియు, అచ్చటి ప్రభుత్వాధికారులే దానిని వలగా పన్నిరనియు 2019లో బయటపడెను. అందు చిక్కుకొని నిర్బంధింపబడినవారిలో తెలుగు విద్యార్థులు పలువురు.

బస

మొదట విశ్వవిద్యాలయపు హాస్టలునకును, సంక్షేమ శాఖల కళాశాలా వసతి గృహములకును దరఖాస్తు చేయవలెను. సీటు దొరికిన వారముననే ఈ పని ముగింపవలెను. గదులు తక్కువ, అడుగువారు ఎక్కువ. సంక్షేమ వసతి గృహములలో ఇంటర్ మొదలు పై చదువుల వఱకు గల విద్యార్థుల భోజనమునకు నెలకు 1,500 రూపాయలుగా నున్నదానిని 2024లో 2,100 రూపాయలు చేసిరి.

హాస్టలు దొరకనివారు బయట గది కిరాయికి తీసికొందురు. ముందుగా ఒక పెద్దమనిషితో పోయి చూచి, నీరు, మరుగుదొడ్డి, రాత్రి రాకపోకలు విచారించి, అడ్వాన్సు ఎంత, విడిచి పోవునాడు ఎంత తిరిగి వచ్చునో కాగితముపై వ్రాయించుకొనవలెను. కులమడిగి గది లేదనువారును గలరు. అట్టిచోట బ్రతిమాలి ఉండుటకంటె, తోటి విద్యార్థులు నలుగురు కలిసి వేఱొక యిల్లు చూచుకొనుట గౌరవము.

ఇంటినుండియే పోయి వచ్చుటయు ఒక మార్గము. జనగామ, మహబూబాబాదు రైలు దారిపై నున్నవి. కాజీపేట, వరంగల్లులకు నెలసరి పాసుతో పోవచ్చును. భూపాలపల్లివారికి బస్సే దిక్కు. ప్రతిదినము పోయి వచ్చుట దేహమునకు శ్రమ గనుక వారు హన్మకొండలో బస చూచుకొనుటయే మేలు. 2023 డిసెంబరు 9 మొదలు మన రాష్ట్రపు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. ఆడపిల్లను చదివించుటకు దారిఖర్చు అడ్డమని చెప్పుటకు ఇంక వీలు లేదు.

ముగింపు

విద్యార్థులారా, ఈ సంవత్సరముననే మీ పేరును, తేదీని అన్ని కాగితములలో సరిచూచుకొనుడు. ఒక సంచిలో వానిని భద్రపఱచుడు. తల్లిదండ్రులారా, కుమారునకు, కుమార్తెకు సమానముగా నొక చదువు ఖాతా తెఱచి, కొంచెము కొంచెముగా నందు వేయుడు; కూతురి బసను మీరే వెళ్లి చూచి రండు. ఉపాధ్యాయులారా, మన యొద్ద చదివి విశ్వవిద్యాలయము చేరినవారిని ఏటేట పిలిపించి, పిల్లలతో మాటలాడింపుడు. ఇంట దారి చెప్పు అన్న లేని బాలునకు, అక్క లేని బాలికకు ఆ పూర్వ విద్యార్థులే అన్నలు, అక్కలు కాగలరు. ఒక్కరు పోయి వచ్చిన దారిని వెనుకవారికి చెప్పినయెడల, మన ప్రాంతమున పై చదువు ఒక యింటి యదృష్టముగా గాక ఊరంతటికి అలవాటుగా మాఱును.