వారంలో మీ వాటా

తీరిక దొరికితే పాట నేర్చుకోవాలని, తీరిక దొరికితే మిద్దె మీద నాలుగు మొక్కలు పెంచాలని, తీరిక దొరికితే పాత మిత్రుణ్ణి కలవాలని అనుకోని వాళ్లుండరు. ఆ తీరిక మాత్రం రాదు. ఉద్యోగం, పిల్లల చదువులు, ప్రయాణాలు, ఫోను కలిసి వారాన్ని పంచేసుకుంటాయి. తీరిక దానంతటది దొరకదు, మనమే తీసి పక్కన పెట్టుకోవాలి. అలా పెట్టుకున్న కొద్ది గంటలే మనిషిని లోపలినుంచి తీర్చిదిద్దుతాయి. ఆ గంటల విలువ తెలిసిన ఊరు కోల్‌కతా.

సెలవు రోజుల్లో తీసిన సినిమా

ఆ ఊరి సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్ 1943లో నెలకు 80 రూపాయల జీతం మీద డి.జె.కీమర్ అనే ప్రకటనల సంస్థలో చేరారు. అక్కడ బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. సినిమా ఆయన ఇష్టం. ఆ ఇష్టాన్ని సాధనగా మార్చుకున్న తీరులోనే మనం నేర్చుకోవలసింది ఉంది. ఫలానా నవలను సినిమా తీస్తున్నారని తెలిస్తే చాలు, ఆ కథకు తానే ఒక స్క్రీన్‌ప్లే రాసుకునేవారు. సినిమా విడుదలయ్యాక చూసి, తాను రాసినదానితో పోల్చుకునేవారు. దానికి పైసా రాదు, మెచ్చుకునేవాళ్లూ లేరు. అయినా రాసిన ప్రతిసారీ ఆయన చెయ్యి కాస్త కుదురుకుంది.

1952 అక్టోబరులో ‘పథేర్ పాంచాలీ’ మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన ఉద్యోగం మానలేదు. మొదట్లో షూటింగ్ సెలవు రోజుల్లోనే. పల్లెటూరి అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలును చూసే ఘట్టంతో శ్రీకారం చుట్టారు. ఒక ఆదివారం కొంత తీశారు. తరువాతి వారం వెళ్లేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ రెల్లు పూచేదాకా, అంటే మరుసటి శరత్తు దాకా, ఆగవలసి వచ్చింది. మధ్యలో డబ్బూ అయిపోయింది. ఆగిన పనిని ఆయన వదిలెయ్యలేదు. 1955లో సినిమా విడుదలైంది. ఆ తర్వాతి ఏడాది కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందింది.

మనలో ఎంతమంది రెండు వారాలు తప్పితే చాలు, ‘ఇక నావల్ల కాదు’ అని హార్మోనియాన్ని అటకెక్కిస్తాం? తప్పిన వారం వల్ల నష్టమేమీ లేదు. తరువాతి వారం మళ్లీ కూర్చోకపోవడమే నష్టం.

రాయ్ ప్రతిభ అందరికీ ఉండదు, ఉండనక్కర్లేదు. ఇష్టమైన పని మనసును మేల్కొల్పితే అదే ఫలితం. అది ఒక్కోసారి నలుగురికీ పంటవుతుంది. మన రచయిత చక్రపాణి క్షయ చికిత్సకు మదనపల్లె శానటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నారు. మంచం మీద గడిపిన ఆ కాలం తరవాత శరత్ చంద్ర నవలల అనువాదాలుగా తెలుగిళ్లకు వచ్చింది.

ఎదురుచూసే మనిషి

ఒంటరిగా మొదలుపెట్టిన అలవాటు తొందరగా ఆరిపోతుంది. ‘ఇంకా రాలేదేం?’ అని అడిగేవాళ్లుంటే నిలుస్తుంది. 1947లో రాయ్, చిదానంద దాస్‌గుప్తా, మరికొందరు మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నారు. మంచి సినిమాలు తెప్పించుకుని చూడటం, వాటి గురించి గంటలకొద్దీ వాదించుకోవడం వాళ్ల పని. అంతకు ముందు తరంలో రాయ్ తండ్రి సుకుమార్ రాయ్ చుట్టూ మండే క్లబ్ నడిచింది. భాషాశాస్త్రవేత్త సునీతి కుమార్ చటర్జీ, గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ వంటివాళ్లు అందులో సభ్యులు. ఇన్ని పనులున్నవాళ్లు వారంలో ఒక రోజును పేరు పెట్టి కేటాయించుకున్నారు కాబట్టే కలవగలిగారు.

ఇప్పటికీ కోల్‌కతా పాత వీధుల్లో సాయంత్రమైతే అరుగుల మీద అడ్డా, అంటే కబుర్ల కూటమి, చేరుతుంది. మట్టి ముంతల్లో టీ వస్తుంది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్ల మీద గొంతులు లేస్తాయి. సినిమా, రాజకీయం, చేపల ధర, అన్నీ వస్తాయి. మర్నాడు మళ్లీ అదే అరుగు మీద అదే మనుషులు. మన మాట కాదన్న మనిషితో రేపు మళ్లీ టీ తాగగలగడం చాలా పెద్ద గుణం. అది పుస్తకాలు చదివితే రాదు, నలుగురిలో కూర్చుంటేనే వస్తుంది. మన రచ్చబండలూ ఒకప్పుడు ఆ పనే చేశాయి. పనిబడితేనే ఫోన్ చేసే స్నేహాలు పలచబడతాయి. ఏ పనీ లేకుండా కలిసే స్నేహితులే కష్టంలో ముందుగా మన గుమ్మంలో ఉంటారు.

చేతులకు పని

కోల్‌కతా డాబాల మీద చలికాలంలో కనిపించే పెద్ద పెద్ద చామంతుల వెనక నెలల ఓపిక ఉంటుంది. వానాకాలంలో కొమ్మ తుంచి నాటుతారు. వేరు పట్టి ఎదిగాక చిగురు గిల్లుతారు. కర్ర పాతి నిలబెడతారు. మొగ్గలు వేశాక అసలు పరీక్ష. కొమ్మ కొసన ఉన్న ఒక్క మొగ్గను ఉంచి, పక్క మొగ్గలన్నీ గోటితో గిల్లెయ్యాలి. అప్పుడే ఆ ఒక్కటి అరచేయంత పువ్వవుతుంది. మన ఆసక్తులూ అంతే. ఈ ఏడాది వేణువు, చిత్రలేఖనం, కొత్త భాష, ఈత అన్నీ పెట్టుకుంటే ఏదీ విప్పారదు. ఒకటి ఉంచుకుని మిగతావి వచ్చే ఏడాదికి వదలండి.

ఇంట్లో చిన్న మరమ్మతులకూ చోటివ్వండి. వదులైన తలుపు మడతబందుకు మర బిగించడం, బాల్కనీ గ్రిల్లు తుప్పు గీకి రంగు వెయ్యడం, పుస్తకాల అర దులిపి సర్దడం, ఇలాంటివి సాయంత్రానికల్లా పూర్తయి కళ్లెదుట కనిపిస్తాయి. ఆఫీసులో నెలలు గడిచినా కొలిక్కిరాని పనుల మధ్య ఈ పూర్తయిన పని మనసుకు గొప్ప ధైర్యం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే, పాడైనదాన్ని పారెయ్యకుండా బాగుచేసుకోవచ్చని వాళ్లకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఎవరి గంట వాళ్లకి

వారానికి ఒక ఆసక్తి, ఒక స్నేహం, ఒక ఇంటిపని. ఒక్కోదానికీ ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకోండి. పనిముట్లు చేతికందేలా ఉంచండి. గంటకంటే ఎక్కువ పెట్టుకోకండి, ఆ గంటలో ఫోను ముట్టకండి.

ఇంకో మాట మరవకండి. రాయ్ సినిమాకు డబ్బు చాలనప్పుడు భార్య బిజోయా నగలు తాకట్టుకు వెళ్లాయి. ఒకరి కల వెనక ఇంట్లో మరొకరి త్యాగం ఉంటుంది. చాలా ఇళ్లలో ఆదివారం అందరికీ సెలవే, వంటింటికి తప్ప. మీరు చదరంగం ఆడుకునే గంటలో పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారో చూడండి. ఆమెకూ ఒక ఇష్టం ఉంటుంది. ఎన్నేళ్లుగానో అడగకపోవడం వల్ల ఆమే మరిచిపోయి ఉండవచ్చు. అడగండి. ఆ గంట వంట మీరు చేయండి.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని, ఎవరి గంట ఏ రోజో క్యాలెండర్ మీద రాసుకోండి. ఒకరి గంటకు మిగతావాళ్లు కాపలా ఉండాలని మాట ఇచ్చుకోండి. తన ఇష్టాన్ని నిలబెట్టుకుంటూ ఎదుటివారి ఇష్టాన్ని కాపాడగలిగినవాడిదే ఎదిగిన వ్యక్తిత్వం.