తలనూనె పరీక్షించే పిల్లలకు

ఫార్మసీ కాలేజీ నుంచి రిటైరై చాలాకాలమైనా ప్రాజెక్టు పిల్లలు ఇంటికి వస్తూనే ఉంటారు. గుంటగలగర, మందార, మెంతులు, ఉల్లి... సగం ప్రాజెక్టులు జుట్టు మీదే. వాళ్లతో నేననే మాటలివి.

1. ఏ రకం రాలడమో ముందు తేల్చుకోండి. టైఫాయిడో, డెంగీయో, కాన్పో అయిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. చాలామందికి ఆర్నెల్లలో దానంతటదే సర్దుకుంటుంది. రాలడం ఉధృతంగా ఉన్నప్పుడే కదా జనం నూనె కొనేది! తగ్గాక పేరేమో నూనెకి. మగవాళ్ల బట్టతల అలా తగ్గే రకం కాదు. ఈ రెండు రకాలవాళ్లనీ ఒకే జాబితాలో రాస్తే పరీక్ష అక్కడే పోయింది.

2. ఆకు చూసుకోండి. తెల్లపూల గుంటగలగర వేరు, పసుపుపూలది వేరు. తెల్లపూలదాని కాడ నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. పొడిగా కొన్నదాంట్లో ఏముందో ఎవరు చెప్పాలి? పచ్చి మొక్క తెచ్చి, బోటనీ మాస్టారికి చూపించి, ఒక కొమ్మ ఆరబెట్టి అట్టకు అంటించి దాచండి.

3. ఆకు కాచిన నూనెకు పోటీ ఉత్త నూనె. అదే గానుగ నూనె, అంతే సేపు కాచి, ఆకు మాత్రం వేయకుండా. రంగూ వాసనా తేడా తెలియకుండా చూసుకోవాలి, అసలు తిప్పలు అక్కడే.

ఉదాహరణకు, 2002లో బాగ్దాద్ డాక్టర్లు పేనుకొరుకుడు ఉన్నవాళ్లలో 23 మందికి ఉల్లిరసం, 15 మందికి కుళాయి నీళ్లు రోజుకు రెండుసార్లు రాయించారు. ఆరు వారాలకు ఉల్లి రాసినవాళ్లలో 20 మందికి వెంట్రుకలు మొలిచాయి. నీళ్లవాళ్లలో ఇద్దరికే, అదీ ఎనిమిది వారాలకు. లెక్క బాగుంది. కానీ ఉల్లి కంపు ఎవరి ముక్కుకు దాగుతుంది? పైగా చిన్న మచ్చలైతే పేనుకొరుకుడు చాలామందికి మందు లేకుండానే మానుతుంది. ఈ ఫలితాన్ని బట్టతలకు తగిలించి నూనె అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

4. ముందు ఎలుకల మీద పరీక్షిస్తామంటారా? ఎలుక వీపు మనిషి తల కాదు. గొరిగిన నల్ల ఎలుక వీపు మీద గులాబీరంగు చర్మం నల్లబడితే వెంట్రుకలు పెరిగే దశ మొదలైనట్టు. ఆ వెంట్రుకలన్నీ ఒక్కసారే కదులుతాయి, మనకు దేని దారి దానిదే.

5. తలంటు రోజు లెక్క తప్పుదోవ పట్టిస్తుంది. వారానికోసారి పోసుకునేవాళ్లకు అన్ని రోజులదీ ఆ రోజే ఊడుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అందరికీ ఒకే ఎడంతో తలంటించి, తూముకు పల్చటి గుడ్డ కట్టి ఏరండి. జుట్టు పెరిగేది నెలకు సుమారు సెంటీమీటరు. ఆర్నెల్లకు తక్కువైతే పరీక్ష మొదలుపెట్టకండి.

6. పేనుకొరుకుడుకు గురివింద గింజ నూరి పూసే వైద్యం మన ఊళ్లలో ఉంది. ఆ గింజలో అబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంది. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఏ పసరూ మనిషి తలకు తాకనివ్వకండి. ఒప్పుకున్నాక కూడా ముందు ముంజేతి లోపలివైపు చుక్క రాసి రెండు రోజులు ఆగండి.