కొండను చదివే కొలువు

గండికోట అంచున నిలబడి చూస్తే పెన్న లోయ ఎంత నిటారుగా ఉందో కంటికే తెలుస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా గీసిన నేల పటంలో, అంటే టోపోషీటులో, అదే సంగతిని గీతలు చెబుతాయి. వాటిని కాంటూర్లంటారు. ఒక గీత మీది చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. గీతలు ఒత్తుగా ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే చదును నేల. దత్త మండలాల్లో, అంటే నేటి రాయలసీమ ప్రాంతంలో, సర్వే చేయించిన కాలిన్ మెకంజీ 1815లో దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అంటే నేలను కొలిచి మ్యాపు గీసే ఈ విద్య మన సీమకు కొత్త కాదు.

సర్వే, మ్యాపింగ్ పని ఎలా ఉంటుంది?

నల్లమల, లంకమల లాంటి అడవుల్లో డ్రోన్ ఫొటోకు చెట్ల తలలే చిక్కుతాయి, నేల చిక్కదు. లైడార్ లేజర్ కిరణాలు ఆకుల సందుల్లోంచి నేలను తాకుతాయి. ఇరుకు లోయల్లో ఉపగ్రహ సంకేతాలు సరిగా అందవు. అక్కడ టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో కొలవాలి. ఇక వంకల పేర్లు, కనుమల దారులు ఏ యంత్రానికీ తెలియవు. గొర్రెల కాపరిని అడిగి రాసుకోవాల్సిందే. స్థానిక యువతకు పైచేయి ఇక్కడే.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ లేదా సివిల్ డిప్లొమా చేయవచ్చు. బీటెక్ సివిల్‌కు పులివెందుల జేఎన్‌టీయూ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. పై శిక్షణకు హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఐఐఆర్‌ఎస్) ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది.

అవకాశాలు

గ్రామ సర్వేయర్, అటవీ శాఖ డ్రాఫ్ట్స్‌మన్ కొలువులున్నాయి. ఉపగ్రహ చిత్రాల పనికి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) పేరున్న సంస్థ. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలను సడలించాక దేశీయ ప్రైవేటు సంస్థలకూ దారి తెరుచుకుంది. అర్హతలు ఎప్పటికప్పుడు నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

ఈ వారమే మొదలుపెట్టండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ టోపోషీటుల సంఖ్యల్లో 57 జె విభాగంలోనే ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ నుంచి మీ ఊరి షీటు దించుకోండి. 1:50,000 స్కేలులో సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, మీకు తెలిసిన గుట్టను గీతల్లో గుర్తుపట్టండి. తర్వాత ఆ గుట్ట ఎక్కి సరిచూడండి. రిజర్వు అడవైతే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన మీరు స్వయంగా గీసిన మీ ఊరి మ్యాప్ ఒకటి పెట్టండి.